పురుగు ఇల్లు మారే రోజు

మొన్న సాయంత్రం మా ఆవిడ శారద తోపుడుబండి మీద వచ్చిన పచ్చి శనక్కాయల చెట్లు ఒక మోపు కొన్నది. వరండాలో చాప పరుచుకుని కాయలు తెంపుతూ కూర్చుంది. చెట్ల వేళ్లకు మట్టి ఇంకా తడిగా ఉంది. ఆ మట్టి వాసనా, నలిగిన ఆకు పచ్చి వాసనా కలిసి మా బుక్కరాయసముద్రం ఇల్లంతా నిండిపోయాయి. ఒక చెట్టును నేలకేసి విదిలించేసరికి అందులోంచి ఏదో ఎగిరొచ్చి నేను చదువుతున్న పేపరు మీద వాలింది. జీలకర్ర గింజ కంటే పెద్దది కాదు. బూడిదా గోధుమా కలిసిన రంగు. రెక్కలు పూరింటి కప్పులాగా వీపు మీదికి వాలి ఉన్నాయి, ఒక్కో రెక్క అంచున సూదిమొనతో పెట్టినంత తెల్లటి చుక్క. "దులపండి దాన్ని, అట్లా చూస్తూ కూర్చున్నారేం?" అంది శారద. దులపబుద్ధి కాలేదు. చెట్ల మోపులో చెయ్యిపెట్టి వెతికి, అంచులు అతుక్కుపోయిన ఆకొకటి తెంపి, వాలుతున్న ఎండకు ఎదురుగా పట్టి చూశాను. వ్యవసాయ శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను, పెద్ద పెద్ద చదువులు చదివిన ఆఫీసర్ల కింద పనిచేశాను. నా చేతికి ఈ అలవాటు నేర్పింది మాత్రం వాళ్లెవరూ కాదు. సంతకం పెట్టడం కూడా రాని తిప్పక్క.

డెబ్బైల్లో మాట. నాకు ఇరవై మూడేళ్లు. మాది గుత్తి, మా నాయన రైల్వేలో పనిచేసేవాడు. ఇంజను కూత వింటే ఏ బండో చెప్పగలను గానీ, శనక్కాయ చెట్టుకు పూత పైన పూసి కాయ నేలలో ఊరుతుందన్న సంగతి నాకు శిక్షణలోనే తెలిసింది. అలాంటివాణ్ణి తీసుకొచ్చి విడపనకల్లు దాటి కన్నడ దేశం వైపు పోయే దారిలో ఒక ఊరికి గ్రామసేవకుడిగా వేశారు. రైతులకు సేద్యం నేర్పడం నా ఉద్యోగం! ఇస్త్రీ ప్యాంటు, జేబులో రెండు పెన్నులు, సంచిలో శాఖ వాళ్లిచ్చిన పుస్తకం. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, కోడి కూయకముందే చేల గట్ల మీద తిరిగేవాణ్ణి. నేను అద్దెకు దిగిన గది పక్కిల్లే తిప్పక్కది. నలభై ఐదేళ్లుంటాయి. మనిషి సన్నం, గొంతు పెద్దది. మొగుడు పోయి పదేళ్లయింది, కూతురు పెళ్లయి అత్తగారింట్లో ఉంది. ఎనిమిదెకరాల ఎర్రనేలను ఒక జత ఎద్దులతో ఆమే చేసుకునేది. మొదటి రోజు నన్ను ఎగాదిగా చూసి, "ఏమప్పా సారూ, ఏ ఊరు నీది?" అని అడిగింది. గుత్తి అన్నాను. "కోట కింద పుట్టినావు. పైకి చూసి నడిచే అలవాటు ఉంటాది. ఈడ కిందికి చూసి నడవల్లప్పా, తేళ్లు ఉంటాయి" అంది. నాకు కోపమొచ్చింది. ఆ సాయంత్రమే ఒక చెంబెడు మజ్జిగ తెచ్చిచ్చింది, కోపం పోయింది.

మజ్జిగ చెంబు తిరిగివ్వడానికి వెళ్లినప్పుడు ఆమె ఇంటి గోడగూట్లో ఒక వింత చూశాను. దేవుడి పటం పక్కనే, పగులు పట్టిన లాంతరు చిమ్నీ ఒకటి. దానికి పైనా కిందా పాతచీర గుడ్డ బిగించి కట్టి ఉంది. లోపల తడిగుడ్డ చుట్టిన శనక్కాయ కొమ్మ. గూటి పక్కన గోడ మీద వరసగా బొగ్గు చుక్కలు. "ఇదేంటక్కా?" అన్నాను. "కాపరం. ఆకులో కాపరముండే పురుగుది. దాని కాపరం ఎట్ల సాగుతాండాదో చూస్తాండా" అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. అప్పుడు చెప్పింది. ఆ ఊళ్లో కలుపు తీసే ఆడవాళ్లకు మూడు పేర్లు తెలుసట. ఆకు పొరల మధ్య తెల్లని గీత గీసేది గీతపురుగు. ఆకులు మడిచి కుట్టుకుని లోపల కూర్చునేది ముడతపురుగు. మునిమాపు వేళ దీపం చుట్టూ తిరిగేది బూడిదరెక్క. మూడూ వేరువేరు జీవాలని ఊరంతా నమ్మేది. "మా ఆయప్ప ఉన్నప్పుడు ఒక సంవత్సరం చేనంతా మాడిపాయె. అందురూ ఎండ దెబ్బ అన్యారు. ఆకాశం చూసి చూసి మెడలు పట్టుకపాయె గాని, ఆకు తిప్పి చూసినోడు ఒక్కడు లేడు సారూ. నేను తిప్పి చూసినా. అప్పటినుంచి చూస్తానే ఉండా. మూడూ ఒకటే." పుస్తకంలో రెండు వాక్యాల్లో ఉన్న సంగతిని ఆమె ఇన్నేళ్లు గోడకు రోజుకో చుక్క పెట్టి తెలుసుకుందని నాకు అప్పుడు తట్టనే లేదు. నా పుస్తకం నా దగ్గరుంది గదా అనుకున్నాను.

ఆ సంవత్సరం వాన ఆలస్యంగా వచ్చింది. వచ్చింది కూడా ఒక పట్టున రాలేదు. కొందరు తొలి చినుక్కే విత్తారు, కొందరు ఇరవై రోజులకు గానీ విత్తలేకపోయారు. తర్వాత చినుకు లేదు. చేలల్లో అక్కడక్కడ ఆకులు ముడుచుకుని, దూరం నుంచి చూస్తే కాలిన మచ్చల్లా కనబడటం మొదలైంది. విత్తిన ఎన్నో రోజున మందు పొడి కొట్టాలో నా పుస్తకంలో రాసి ఉంది. ఊరందరికీ కలిపి ఒక రోజు లెక్కగట్టాను. తాలూకా నుంచి పొడి తెప్పించాను. ఇంటింటికీ పంచితే రెండు విడతలకు సరిపోతుంది, ఆ పంటకారులో మళ్లీ రాదని అక్కడే చెప్పి పంపారు. ఇంకేం, తప్పెట కొట్టే సుంకన్నను పిలిపించి రచ్చకట్ట దగ్గర దండోరా వేయించాను. "ఊరి జనమంతా ఇనండహో! సోమారం నాడు అందురూ చేన్లకు పొడి కొట్టల్లహో! సారు చెప్పినాడహో!" ఆ చివరి మాటకు నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది.

తిప్పక్క మాత్రం కొట్టనంది. నేను ఆమె గుమ్మం ముందు నిలబడి గట్టిగానే మాట్లాడాను. ప్రభుత్వం ఇచ్చిన పొడి ఇంట్లో దాచుకోవడానికి కాదన్నాను. ఆమె ఎద్దులకు కుడితి కలుపుతూ, తల ఎత్తకుండానే జవాబిచ్చింది. "ఇప్పుడు అది ఇంట్లో తలుపేసుకోని పండుకోనుండాది సారూ. తలుపు మీద పొడి కొడితే లోపలుండేదానికి ఏమయితాది? అది ఇల్లు మారే దినం ఒకటుంటాది. ఆ దినం కొట్టు, నేనూ వస్తా." ఇల్లు మారే దినమేమిటని అడిగి ఉంటే ఈ కథ ఇంతటితో అయిపోయేది. అడగలేదు. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. సోమవారం పొద్దున ఊరంతా ముక్కుకు తువ్వాళ్లు చుట్టుకుని, పలచటి గుడ్డ మూటల్లో పొడి పోసి, సాళ్ల వెంట కట్టెతో తట్టుకుంటూ పోయారు. చేలన్నీ తెల్లగా మంచు పడ్డట్టున్నాయి. తిప్పక్క చేను ఒక్కటే ఎర్రగా మిగిలింది. నెల తిరక్కముందే పై ఆఫీసరు తనిఖీకి వస్తాడు, ఆ చేను ఒక్కటి ఆయన కంటబడకుండా ఏ దోవన తీసుకెళ్లాలా అని ఆలోచించాను.

వారం తిరిగింది. సాయంత్రం పొద్దు వాలుతుండగా చేలో నడుస్తుంటే అడుగు పెట్టిన చోటల్లా చెట్ల మీదినుంచి జీలకర్రంత రెక్కలు లేస్తున్నాయి. ఒకటా రెండా! చెప్పుల మీద, ప్యాంటు మీద, నా పుస్తకం అట్ట మీద వాలాయి. రైతులు చుట్టూ చేరారు. "సారూ, ఇంకో విడత పొడి ఉండాది గదా, రేపే కొట్టేస్తాం" అన్నారు. నాకు ఇంకేం తోచక సరేనన్నాను. తిరిగొస్తుంటే తిప్పక్క వీధిలో ఎదురైంది. "ఏమప్పా, రేపు మళ్లీ కొడతారంట?" అంది. నా ఉక్రోషమంతా ఆమె మీద చూపించాను. "నీ చేను మాత్రం బాగుందా అక్కా? అదీ మాడిపోయిందిగా!" అన్నాను. "బాగలేదు. మాడిపాయె. అయినా నా పొడి మూటలో ఉండాది గదా!" అంది.

నన్ను పక్కనున్న చేలోకి తీసుకెళ్లింది. పొడి అంటిన ముడతాకు ఒకటి తెంపి, "ఎండకు పట్టు" అంది. పొద్దు గుంకడానికి ఇంకా బారెడుంది. పట్టాను. మడత లోపల ఎర్రటి చిన్న గూడు, ఖాళీది. ఇంకోటి తెంపింది, అదీ ఖాళీ. మూడోదానిలో ఒక గూడు మెదులుతోంది. అప్పుడు నాకు అర్థమైంది. నేను సోమవారం పొడి కొట్టించిన రోజుకే పురుగులు తిండి మానేసి, ముడతలో గూళ్లు కట్టుకుని నిద్రపోతున్నాయి. ఊరంతా మూతబడిన తలుపుల మీద పొడి చల్లి వచ్చాం. ఇప్పుడు రెక్కలొచ్చి బయటికి వస్తున్నాయి. ఇవి రేపు ఆకుల అడుగున ఒక్కొక్క గుడ్డే పెట్టుకుంటూ పోతాయి, మెరిసే తెల్ల గుడ్లు. రెండు మూడు రోజుల్లో అవి పగిలి, పిల్లపురుగు నేరుగా ఆకు పొరల్లోకి దూరుతుంది. "ఆ చిన్నింట్లో ఐదారు దినాలు తింటాది. ఒళ్లు పెరుగుతాది, ఇల్లు సాలదు. అప్పుడు బయటికొచ్చి పక్కాకులు రెండు కలిపి కుట్టుకోని పెద్దింట్లోకి పోతాది. ఆ ఇల్లు మారే దినం ఒక్కటే అది వీధిలో ఉండేది. పొడి ఆ దినానికి దాచుకోవల్ల" అంది తిప్పక్క. రేపు కొడితే? రెక్కలవి నాలుగు చస్తాయి, మూటలన్నీ ఖాళీ అవుతాయి, పది రోజులకు అసలు పురుగు వీధిలోకి వచ్చేసరికి ఊళ్లో చిటికెడు పొడి ఉండదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి ఆకులు కూడా మిగలవు.

"నువ్వే చెప్పక్కా అందరికీ" అని బతిమాలాను. "నా మాట ఎవరు వింటారప్పా? దండోరా ఏసింది నువ్వు. యాడ ఏసినావో ఆడే తప్పని చెప్పు" అంది. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఆఫీసరు చెవిన పడితే ఏమవుతుందో తెలుసు. అంతకంటే, ఇన్నాళ్లూ సారూ సారూ అన్న జనం ముందు తలదించుకోవడం! అదే చెప్పాను ఆమెతో, దాచుకోలేదు. ఆమె మెత్తగా అంది. "నీ పరువు పోతే మళ్లీ వస్తాది నాయనా. ఈ కారు పోతే మల్లా సంవత్సరం దాకా రాదు."

సుంకన్న విషయం విని తల అడ్డంగా ఊపాడు. "ఇట్లాంటి దండోరా మా నాయన కూడా ఏసిండ్లేదు సారూ. నేను కొడతా, మాట మీరే చెప్పుకోండి" అన్నాడు. దీపాలు పెట్టే వేళకు రచ్చకట్ట దగ్గర తప్పెట మోగింది. జనం వచ్చారు. నా గొంతు నాకే వినబడలేదు. రెండోసారి గట్టిగా చెప్పాను. "సోమవారం కొట్టమన్నది నా తప్పు. నాకు తెలియదు, తెలియకుండానే చెప్పాను. మిగిలిన పొడి రేపు ఎవరూ కొట్టొద్దు. ఎప్పుడు కొట్టాలో తిప్పక్కకు తెలుసు, ఆమెను అడిగి కొడదాం." ఎవరో పెద్దగా నవ్వారు. ఒక పెద్దాయన లేచి, "మా మొదటి మూటలు మన్నుపాలు చేస్తివే! నీ మాట విని మళ్లీ ఆగల్లనా?" అని కేకలేశాడు. ఆయన అన్నది న్యాయమే. అప్పుడు ఆడవాళ్ల గుంపులోంచి తిప్పక్క ముందుకొచ్చింది. "ఏమప్పా, ఆ వానదేవుడు ఇన్ని తూర్లు తప్పినాడు, ఒక్క తూరన్నా దండోరా ఏసి నాదే తప్పని చెప్పినాడా? ఈయప్ప చెప్పినాడు. వింటే ఏం పోతాది?" అంది. ఆ పెద్దాయనే ముందు నవ్వాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది, చీకటి పడుతోంది కాబట్టి ఎవరికీ కనబడలేదు.

ఆ తర్వాతి పది రోజులూ నా జీవితంలో నేను చదివిన అసలు చదువు. పొద్దున్నే తిప్పక్క ఇంటికి పోయి చిమ్నీ చూసేవాణ్ణి. ఆమె చుక్క పెట్టేది, నేను నా పుస్తకం వెనక అట్ట మీద రాసుకునేవాణ్ణి. కొన్ని ముడతల్లోంచి బూడిదరెక్క బదులు చిన్నచీమంత నల్ల కందిరీగ బయటికొచ్చేది. దాన్ని చూస్తే తిప్పక్క ముఖం వెలిగిపోయేది. "ఇది మనోడు సారూ! లోపలే పురుగును తిని వచ్చినాడు. నీ పొడికి మొన్న మనోళ్లు ఎంతమంది సచ్చినారో" అని దెప్పి, గుడ్డ విప్పి దాన్ని చేను వైపు వదిలేది. కలుపు తీసే ఆడవాళ్లంతా సాళ్ల మధ్య కూర్చుని ఆకులు ఎండకు పట్టి చూడటం మొదలుపెట్టారు. మొదట వెంట్రుకంత తెల్ల గీత. నాలుగో రోజుకు గీత వెడల్పయి మచ్చ. మచ్చలో పచ్చటి ఒళ్లు, ఆవగింజలో సగమైనా లేని నల్ల తల. ఒకరోజు తెల్లారి ఓ చేలోంచి కేక వినబడింది. "తిప్పక్కా! వీధిలోకి వచ్చినాయే!" పరిగెత్తాం. మచ్చలు ఖాళీ. నల్ల తలలవి ఆకుల మీద పాకుతూ, కంటికి కనబడనంత దారంతో రెండాకులు దగ్గరికి లాక్కుంటున్నాయి. సామాను నెత్తిన పెట్టుకుని అద్దిల్లు మారే సంసారులే!

ఆకు మీద మంచు ఆరకముందే ఆ చేలో పొడి కొట్టారు. పక్క చేలో మరుసటి రోజు, ఆ పక్కది రెండు రోజులకు. ఈసారి దండోరా లేదు, ఏ చేను రోజు ఆ చేని ఆకే చెప్పింది. తిప్పక్క తన మూట అందరికంటే చివర విప్పింది. తన రెండో మూట తెచ్చి నామీద కేకలేసిన పెద్దాయనకిచ్చింది. ఆయన చేను ఎక్కువ దెబ్బతిన్నదట. ఆఫీసరు వచ్చిన రోజు, రెండో విడత ఎవరిని అడిగి వాయిదా వేశావని గద్దించాడు. పురుగును అడిగి వేశాను సార్ అందామని నోటిదాకా వచ్చింది. మింగేసి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన గుర్రుగా చూసి, "ఏదీ, ఆ ఆకు చూపించు" అన్నాడు. చూపించాను. ఎండకు పట్టి చాలాసేపు చూశాడు. తనిఖీ పుస్తకంలో ఏమీ రాయకుండా జీపెక్కాడు.

పంట విరగపండిందని అబద్ధం చెప్పను. వాన లేని సంవత్సరం వానలేని సంవత్సరమే. కానీ కొత్తాకు నిలిచింది, కాయ ఊరే ఊడలు నేలలోకి దిగాయి, ప్రతి ఇంటికీ మళ్లీ విత్తనానికి కాయలు మిగిలాయి. చెట్లు పీకిన రోజు తిప్పక్క చేలోనే కంప మంట వేసి పచ్చికాయలు కాల్చింది. వేళ్లు నల్లబడేదాకా తిన్నాం. "తిను నాయనా, బూడిదరెక్కకు పోగా మిగిలింది మనదే" అంది. అంత రుచిగల తిండి నేను మళ్లీ తినలేదు.

ఎనభైల మొదట్లో నాకు బదిలీ అయింది. ఎవరికీ చెప్పకుండా పెట్టె సర్దుకుంటున్నాను, వీడ్కోళ్లంటే నాకు భయం. పొద్దున్నే వీధిలో తప్పెట మోగింది. "ఇనండహో! తప్పు చెప్పుకున్న సారు ఈ పొద్దు ఊరిడిసి పోతాండాడహో! అందురూ వచ్చి సాగనంపండహో!" సుంకన్న వెనక నడుము మీద చెయ్యి పెట్టుకుని తిప్పక్క నవ్వుతోంది. వేయించింది ఆమేనని ముఖమే చెబుతోంది. ఇన్నేళ్లూ ఆ ఊళ్లో నా పేరు అదేనని నాకు అప్పుడే తెలిసింది! బస్సు దాకా వచ్చి, కిటికీలోంచి నా చేతిలో ఒక పచ్చి ఆకు పెట్టింది. "కొత్త ఊర్లో ఎవరన్నా అడిగితే నోరు తెరవక ముందు దీన్ని తిప్పి చూడు" అంది. ఆ తర్వాత ఆ దారిన పోయినప్పుడల్లా ఆమె ఇంట్లో మజ్జిగ తాగి వచ్చేవాణ్ణి. ఆమె కాలం చేసిన కబురు ఆలస్యంగా తెలిసింది. వెళ్లి చూస్తే గోడకు సున్నం వేశారు, సున్నం కింద బొగ్గు చుక్కలు ఇంకా మసకగా కనబడుతున్నాయి.

మొన్న నేను తెంపిన ముడతాకును గాజు గ్లాసులో పెట్టి గుడ్డ కట్టాను. శారద దాన్ని వంటింటి కిటికీలోంచి రెండుసార్లు తీసింది, నేను రెండుసార్లు మళ్లీ పెట్టాను. మూడోసారి ఆమే దాని పక్కన గోడ మీద పెన్సిలుతో ఒక చుక్క పెట్టింది. నిన్న మా వైపు రైతు కుర్రాడొకడు ఫోను చేసి, శనక్కాయ ఆకు మాడుతోంది, ఏ మందు కొట్టమంటారు అని అడిగాడు. "నాకు తెలియదప్పా. ముందు ఒక ఆకు తెంపి, ఎండకు పట్టి, లోపలేముందో నాకు చెప్పు" అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఇప్పుడు తప్పెట అక్కర్లేదు.